ఆర్వీ ట్రైలర్లు: ఫ్రేమ్ విరగడానికి ముందే ఊగుతుంది

అమెరికాలో పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ఆర్వీ (రిక్రియేషనల్ వెహికిల్, అంటే లోపల పడక, వంటగది ఉండే విహారాల బండి) కొనేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఫ్రేమ్ గట్టిదేనా?" అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ అది సగం ప్రశ్న. ఉక్కు ఫ్రేమ్ ఉన్నట్టుండి రెండు ముక్కలవడం అరుదు. అంతకు చాలా ముందే అది ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊగుడుకి పైనున్న గోడల మూలలు చీరుకుపోతాయి, స్క్రూలు వదులవుతాయి, సీలెంట్ ఊడి నీళ్లు లోపలికి దిగుతాయి. చివరికి ఎక్కడో ఒక వెల్డ్ తెగుతుంది. యజమానికి కనిపించేది ఆ చివరి ఘట్టం మాత్రమే. ఒక వస్తువు ఎంత బరువుకి విరుగుతుంది అనేది బలం. అదే బరువుకి ఎంత వంగుతుంది అనేది దృఢత్వం. ఈ ట్రైలర్లలో ఎక్కువగా కొరవడేది రెండోది. కొనేవాళ్లు ఈ తేడా గమనించకపోవడం వల్ల బోలెడు డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఈ పరిశ్రమకి గుండెకాయ ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్. అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో 80 శాతానికి పైగా ఆ ఊరి నుంచి, దాని చుట్టుపక్కల కౌంటీల నుంచే వస్తాయి. షోరూంలో డజన్లకొద్దీ బ్రాండ్లు కనిపిస్తాయి కానీ వాటిలో చాలావాటి వెనక ఉన్నవి మూడు సంస్థలు: థోర్ ఇండస్ట్రీస్, 2005లో బెర్క్‌షైర్ హాథవే కొన్న ఫారెస్ట్ రివర్, 2016లో గ్రాండ్ డిజైన్‌ని కలుపుకున్న విన్నెబేగో. జేకో కూడా 2016లోనే థోర్ చేతికి వెళ్లింది. ఇంకాస్త లోతుకి వెళ్తే, చాలా బ్రాండ్లు ఫ్రేము సొంతంగా తయారు చేసుకోవు. లిప్పర్ట్ లాంటి విడిభాగాల కంపెనీకి ఆర్డర్ ఇస్తాయి. అందుకే "ఫలానా బ్రాండ్ ఫ్రేము మంచిది, ఫలానాది చెత్త" అనే వాదనలకి పెద్దగా అర్థం ఉండదు. రెండూ ఒకే కంపెనీ నుంచి వచ్చి ఉండొచ్చు. తేడా ఎక్కడంటే, ఆర్డర్ ఇచ్చిన బ్రాండ్ ఎంత మందం అడిగింది, ఎన్ని అడ్డకమ్మీలు అడిగింది, ఎన్ని చోట్ల ఖర్చు తగ్గించింది అన్న దాంట్లో.

మామూలు ట్రావెల్ ట్రైలర్ కింద రెండు పొడవాటి ఐ-బీములు, అంటే ఇంగ్లీషు I అక్షరం ఆకారంలోని ఉక్కు దూలాలు ఉంటాయి. వాటి మధ్య అడ్డకమ్మీలు, పక్కలకి గోడల్ని మోసే చిన్న చేతులు, ముందు ఇంగ్లీషు A అక్షరం ఆకారంలో, ట్రక్కు వెనకుండే హిచ్‌కి (తగిలించే కొక్కేనికి) వెళ్లే నాలుక. బ్రోచర్లో "12 అంగుళాల ఐ-బీమ్" అని గొప్పగా రాస్తారు. ఎత్తు ముఖ్యమే. పైపట్టీ, కిందిపట్టీ అవే ఉంచి బీము ఎత్తు 10 అంగుళాల నుంచి 12కి పెంచితే దృఢత్వం సుమారు 44 శాతం పెరుగుతుంది. కానీ బ్రోచర్ చెప్పనిది ఆ పట్టీల వెడల్పు, మందం. మధ్యలో నిలబడే రేకు మందం కూడా చెప్పదు. ఈ రంగంలో వాడే బీముల్లో చాలావరకు మిల్లులో ఒకే ముక్కగా తీసినవి కావు. మూడు ఉక్కు పట్టీల్ని వెల్డ్ చేసి ఐ ఆకారానికి తెస్తారు. మధ్య రేకు పల్చనైతే బీము పైనుంచి వచ్చే బరువు మోస్తుంది గానీ, పక్కకి తోస్తే మెలిపడుతుంది. రోడ్డు మీద పక్కతోపులకి కొదవేం లేదు.

అసలు కష్టం ఫిఫ్త్ వీల్ ట్రైలర్లది. వీటి ముందు భాగం మెట్టులా పైకి లేచి పికప్ ట్రక్కు తొట్టి మీదికి వస్తుంది. అక్కడ కిందికి వేలాడే పిన్ ట్రక్కులోని హిచ్‌లో కూర్చుంటుంది. పడకగది సాధారణంగా ఆ మెట్టు మీదే ఉంటుంది. ట్రావెల్ ట్రైలర్లో నాలుక మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతమైతే, ఫిఫ్త్ వీల్లో పిన్ మీద 20 నుంచి 25 శాతం పడుతుంది. లెక్క వేసి చూద్దాం. 14,000 పౌండ్ల (6,350 కిలోల) ట్రైలర్ అనుకుంటే, 20 శాతం చొప్పున పిన్ బరువు 2,800 పౌండ్లు, అంటే సుమారు 1,270 కిలోలు. మెట్టు మూల నుంచి పిన్ దాకా ఏడడుగుల దూరం ఉందనుకుందాం. ఆ మూల దగ్గర ఫ్రేముని వంచే బలం 19,600 అడుగు-పౌండ్లు. పడకగది సొంత బరువు ఇందులో కొంత తగ్గిస్తుంది, నిజమే. కానీ ఇది ట్రైలర్ కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క. హైవేలో వంతెన మొదట్లో వచ్చే ఎత్తుపల్లం మీద ట్రక్కు ఒక్కసారి ఎగిరి పడితే ఆ బరువు క్షణంపాటు బాగా పెరుగుతుంది, మరుక్షణం బాగా తగ్గుతుంది. పైగా బ్రేకు వేసినప్పుడు, మళ్లీ కదిలినప్పుడు పిన్‌ని ముందుకీ వెనక్కీ గుంజే తోపులు వేరే. పిన్‌ని పట్టి ఉంచే పెట్టె కిందికి వేలాడుతుంది కాబట్టి ఆ తోపు కూడా పైన ఉన్న డెక్‌ని, అంటే మెట్టు మీది నేలని మెలితిప్పే బలంగానే మారుతుంది.

ఇదంతా భరించాల్సింది ఆ మెట్టు మూలలో ఉన్న కొన్ని అంగుళాల వెల్డ్, దాని మీద నిలబడ్డ పక్కగోడ. 'ఫ్రేమ్ ఫ్లెక్స్' అని యజమానులు పిలిచే జబ్బు ఇక్కడే బయటపడుతుంది. పక్కగోడ కింది అంచుకీ ముందు డెక్‌కీ మధ్య సన్నటి సందు తెరుచుకుంటుంది. మెట్టు మూల దగ్గర ఫైబర్‌గ్లాస్ మీద వాలుగా చీలిక వస్తుంది. ముందు మూతకీ గోడకీ మధ్యనున్న పట్టీ కింద సీలెంట్ సాగి తెగుతుంది. లోపల పడకగది మెట్ల దగ్గర స్క్రూ తలలు పైకి లేస్తాయి.

గోడ ఎందుకు చీలుతుంది అనేది కాస్త నిదానంగా చూడాల్సిన విషయం. బరువు ఎప్పుడూ తనకి ఎదురయ్యే భాగాల్లో ఎక్కువ దృఢంగా ఉన్నదాన్ని వెతుక్కుంటుంది. 12 అంగుళాల ఎత్తున్న ఉక్కు బీము పక్కన ఏడెనిమిది అడుగుల ఎత్తున్న, పొరల్ని జిగురుతో బిగించిన లామినేటెడ్ గోడ నిలబడి ఉంటే, అంత ఎత్తున్న గోడే చాలా చోట్ల బీము కన్నా దృఢంగా ఉంటుంది. డిజైనర్ "గోడ బరువు మోయదు, ఫ్రేమే మోస్తుంది" అని కాగితం మీద రాసుకోవచ్చు. భౌతికశాస్త్రం ఆ కాగితం చదవదు. ఫ్రేమ్ వంగబోతే గోడ ఆపుతుంది. ఆపేటప్పుడు వచ్చే బలమంతా గోడని ఫ్రేముకి కలిపే స్క్రూల మీద పడుతుంది. ఆ స్క్రూలు పల్చటి అల్యూమినియం గొట్టంలోకి దిగి ఉంటాయి. రెండు మూడు మరలే పట్టు. వేల మైళ్లు ఊగితే ఆ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. పట్టు పోగానే బరువు మళ్లీ ఫ్రేము మీదికి వస్తుంది. ఇప్పుడు ఫ్రేము మొదటికన్నా ఎక్కువ వంగుతుంది, వెల్డ్ మొదటికన్నా వేగంగా అలిసిపోతుంది.

దీనికి తోడు స్లయిడ్-అవుట్లు. పార్కింగులో ఆగాక బయటికి జరిగే గదులు కొనేవాళ్లకి బాగా నచ్చుతాయి, అమ్మకానికి అవే ఆకర్షణ. కానీ ప్రతి స్లయిడ్ కోసం పక్కగోడలో పదడుగులో పన్నెండడుగులో కోసేస్తారు. గోడ ఇచ్చే దృఢత్వం అక్కడ దాదాపు మాయం. రెండు వైపులా ఎదురెదురుగా స్లయిడ్లు ఉన్న నమూనాల్లో ట్రైలర్ మధ్యభాగాన్ని పట్టి ఉంచేది ఫ్రేము, కప్పు, గోడలో మిగిలిన సన్నటి పట్టీలు మాత్రమే. స్లయిడ్లు పెరిగిన కొద్దీ ఫ్రేము కూడా బరువెక్కాలి. మార్కెట్ మాత్రం స్లయిడ్లు పెంచుతూ ఫ్రేముని తేలిక చేస్తూ వచ్చింది.

తేలిక చేయాల్సిన ఒత్తిడి ట్రక్కుల నుంచి వస్తుంది. ఫోర్డ్ ఎఫ్-150 లాంటి 'హాఫ్-టన్' (తేలిక తరగతి) పికప్ ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్ల బండి లాగగలిగేట్టు ట్రైలర్ ఉండాలి, అయినా వంటగది పెద్దదిగా కనిపించాలి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఎల్లోస్టోన్‌కి పిల్లల్ని తీసుకెళ్దామని మొదటిసారి ట్రైలర్ చూసే తెలుగు కుటుంబాలు కూడా సరిగ్గా ఈ తరగతిలోనే వెతుకుతాయి. అక్కడ సేల్స్‌మన్ చెప్పే మాట "హై-స్ట్రెంగ్త్ స్టీల్, అందుకే తేలిక" అని. ఇందులో ఒక చిక్కుంది. మామూలు ఉక్కు సుమారు 250 మెగాపాస్కల్స్ ఒత్తిడి దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడితే, మేలిరకం 345 దాకా తట్టుకుంటుంది. కాబట్టి అదే బలానికి ఉక్కు పావు వంతుకు పైగా తగ్గించొచ్చు. కానీ ఏ రకం ఉక్కుకైనా యంగ్ గుణకం (లోహం సాగకుండా ఎంత ఎదురునిలుస్తుందో చెప్పే కొలత) ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్స్. లోహం తగ్గించిన మేరకు దృఢత్వమూ తగ్గిపోతుంది. అంటే కొత్త ఫ్రేము పాతదంత బరువుకే విరుగుతుంది, కానీ పాతదానికన్నా ఎక్కువ ఊగుతుంది.

వెల్డింగ్ చేసిన అతుకు సంగతి ఇంకా కఠినం. లోహం అలసట (పదేపదే ఊగి చీలడం) విషయంలో మేలిరకం ఉక్కు పెద్దగా అక్కరకు రాదు. చీలిక మొదలయ్యేది వెల్డ్ అంచున ఉండే అతి చిన్న లోపం దగ్గర, ఉక్కు గ్రేడు ఏదైనా ఆ లోపం అలాగే ఉంటుంది. వెల్డ్ అతుకుల లెక్కలో ఒత్తిడి ఊపు (ఎక్కువ, తక్కువ ఒత్తిళ్ల మధ్య తేడా) రెట్టింపైతే ఆయుష్షు ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే ఏడాదికి రెండు వారాలు తిరిగే ట్రైలర్లో పదేళ్లయినా కనిపించని లోపం, ఇల్లు అమ్మేసి ట్రైలర్లోనే ఉంటూ దేశమంతా తిరిగేవాళ్లకి రెండేళ్లలోనే బయటపడుతుంది. రెండు ట్రైలర్లూ ఒకే వారంలో ఒకే లైన్ మీద తయారై ఉండొచ్చు.

ప్రభుత్వ ప్రమాణాలు ఇలాంటివి పట్టుకోవా? ఇక్కడే కొనేవాళ్లు ఎక్కువగా మోసపోతారు. తలుపు పక్కన ఆర్వీఐఏ (ఆర్వీ తయారీదారుల సంఘం) ముద్ర ఉంటే ట్రైలర్ నాణ్యత మొత్తాన్నీ ఎవరో తనిఖీ చేశారని అనుకుంటారు. ఆ ముద్ర వెనక ఉన్న ఎన్‌ఎఫ్‌పీఏ (అగ్నిప్రమాదాల నివారణ సంస్థ) 1192 ప్రమాణం మంటలు, గ్యాసు, ప్లంబింగు, అత్యవసర ద్వారాల గురించి మాట్లాడుతుంది. కరెంటు పనికి వేరే కోడ్ ఉంది. ఇవన్నీ ప్రాణాలు కాపాడేవే, విలువైనవే. కానీ ఫ్రేము ఎంత వంగొచ్చు, గోడ ఎన్ని వేల మైళ్లు తట్టుకోవాలి అన్నదాని జోలికి అవి పోవు. ఫెడరల్ రవాణా నిబంధనలు లైట్లు, టైర్లు, బరువు స్టిక్కర్ల లాంటి వాటి వరకే చూస్తాయి. ఫలానా ఫ్రేమ్ ప్రమాదకరం అని తేలితే రీకాల్ చేయించే అధికారం ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఉంది, కానీ అది సంగతి బయటపడ్డాక జరిగే పని. నివసించే ఇంటికి బిల్డింగ్ కోడ్ ఉంది, నడిపే కారుకి క్రాష్ టెస్టు ఉంది. ఈ రెండూ కలిసిన వస్తువుకి కట్టడం బలం గురించి తప్పనిసరి ప్రమాణం లేకపోవడం చాలా పెద్ద లోటు. పరిశ్రమ తనంతట తాను దాన్ని పూడ్చుకోలేదు.

తయారీ వేగం రెండో కారణం. ఎల్కార్ట్ ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల కూలీ గంటల లెక్కన కాదు, తయారైన యూనిట్ల లెక్కన. తెల్లవారుజామునే పని మొదలుపెట్టి, ఆ రోజు కోటా అయిపోగానే ఇంటికి వెళ్లిపోవచ్చు. పనివాళ్లలో మంచి నైపుణ్యం ఉన్నవాళ్లు ఉన్నారు, ఆ చుట్టుపక్కలి ఆమిష్ (పాతకాలపు జీవనం గడిపే క్రైస్తవ వర్గం) వడ్రంగులు కూడా ఉన్నారు. తప్పు వాళ్లది అనడం అన్యాయం. ఒక స్క్రూ ఉక్కుకి తగలకుండా పక్కకి పోయిందని ఆగి, తీసి, మళ్లీ కొట్టేవాడికి ఆ పద్ధతి జీతం తగ్గిస్తుంది. పద్ధతే తొందరపడమంటోంది. 2021లో కరోనా తర్వాతి గిరాకీకి పరిశ్రమ 6 లక్షలకు పైగా ఆర్వీలు బయటికి పంపింది, అది రికార్డు. 2023 నాటికి ఆ సంఖ్య 3.13 లక్షలకు పడిపోయింది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఆ హడావిడి ఏళ్ల బండ్లు కూడా దొరుకుతాయి. వాటిని కొనేటప్పుడు రెట్టింపు జాగ్రత్త అవసరం.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. ఒహాయోలోని జాక్సన్ సెంటర్లో తయారయ్యే ఎయిర్‌స్ట్రీమ్‌లో రివెట్లు కొట్టిన అల్యూమినియం పెంకు, కింది ఉక్కు ఫ్రేము కలిసి బరువు మోస్తాయి. గోడ బరువు మోస్తుందని ముందే ఒప్పుకుని కట్టిన డిజైన్ అది. అయినా 1970ల నాటి కొన్ని ఎయిర్‌స్ట్రీమ్‌లలో వెనక భాగం నుంచి నీళ్లు దిగి ప్లైవుడ్ నేల కుళ్లింది. పెంకుకీ ఫ్రేముకీ ఉన్న పట్టు పోయి వెనక భాగం ఫ్రేము నుంచి విడిపోయింది. బలమైన పెంకు, బలమైన ఫ్రేము ఉండి కూడా రెంటి మధ్య అతుకు పోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. మిన్నెసోటాలోని స్కాంప్, టెక్సస్‌లోని కసీటా, టెనెసీలోని ఆలివర్ అచ్చులో పోసిన ఫైబర్‌గ్లాస్ పెంకులతో చేస్తాయి. గోడకీ కప్పుకీ మధ్య మూలమూలకీ అతుకులు ఉండవు కాబట్టి నీళ్ల బెడద బాగా తక్కువ. సైజు చిన్నది, ధర ఎక్కువ, పెద్ద స్లయిడ్లు ఉండవు. దశాబ్దాల పాత స్కాంప్‌లు ఇప్పటికీ రోడ్డు మీద తిరుగుతున్నాయంటే ఆ రాజీ ఊరికే పోలేదని అర్థం.

చెక్క కడ్డీల మీద ముడతల అల్యూమినియం రేకు బిగించిన పాత పద్ధతిని చులకనగా చూస్తారు గానీ అది పూర్తిగా న్యాయం కాదు. ఆ గోడ కాస్త ఊగుడు తట్టుకుంటుంది, చెడిపోయిన చోట రేకు విప్పి చెక్క మార్చుకోవచ్చు. నున్నగా మెరిసే లామినేటెడ్ గోడలోకి నీళ్లు దిగి పొరలు విడిపోతే మరమ్మతు అంటే చాలాసార్లు గోడ మొత్తం మార్చడమే.

ట్రైలర్ కింద పడుకుని చూస్తే దాదాపు అన్ని సంగతులూ బయటపడతాయి. టార్చిలైట్ పట్టుకుని ముందు చూడాల్సినవి స్ప్రింగ్ హ్యాంగర్లు. ఇరుసుల స్ప్రింగుల్ని ఫ్రేముకి కలిపే ఈ ఉక్కు ముక్కలు బీము కింది పట్టీకి వెల్డ్ అయి ఉంటాయి. రెండు ఇరుసుల ట్రైలర్ని ఇరుకు మలుపులో తిప్పితే టైర్లు పక్కకి ఈడ్చుకుపోతాయి, ఆ తోపు హ్యాంగర్‌ని మెలితిప్పుతుంది, దాని వెంట బీము మధ్య రేకూ మెలిపడుతుంది. వెల్డ్ అంచు వెంట వెంట్రుకవాసి సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది మరక కాదు. పైన రంగు పగిలింది, లోపల ఉక్కు తెరుచుకుంటోంది. ఎదురెదురు హ్యాంగర్ల మధ్య అడ్డకమ్మీ ఉందా లేదా చూడాలి. లేకపోతే తర్వాతైనా వేయించుకోవచ్చు, అంత ఖరీదేం కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే నైలాన్ బుషింగులు (బోల్టు చుట్టూ రంధ్రంలో ఉండే తొడుగులు) తొందరగా అరిగిపోయి బోల్టు నేరుగా ఉక్కు రంధ్రాన్ని కోస్తుంది. వాటి బదులు గ్రీజు పట్టే కంచు బుషింగులు వేయించడం చాలామంది మొదట చేయించుకునే పని, చేయించాల్సిన పని కూడా.

ఫిఫ్త్ వీల్ అయితే ఇంకో పరీక్ష ఉంది. ముందు కాళ్లు కాస్త పైకి లేపుతూ దించుతూ ఒకరు బటన్ నొక్కుతుంటే, ఇంకొకరు మెట్టు మూల దగ్గర కన్ను పెట్టి చూడాలి. గోడ, డెక్ కలిసి కదలాలి. మధ్యలో సందు తెరుచుకుని మూసుకుంటుంటే ఆ బండి దగ్గర బేరం ఆడకుండా వెనక్కి రావడం మంచిది. ట్రైలర్ ఒక చోట ఆపితే తలుపు సరిగ్గా మూసుకుని ఇంకో చోట ఆపితే పట్టేయడం, కిటికీ మూలల్లో వాలు చీలికలు, కొత్తగా పూసిన సీలెంట్ ఒకే మూలలో కుప్పగా ఉండటం కూడా అదే కథ చెబుతాయి.

బరువు స్టిక్కర్ చదవకుండా ఏ పరీక్షా పూర్తికాదు. ట్రైలర్లో ఎంత సామాను పెట్టొచ్చో చెప్పే పసుపు స్టిక్కర్ చట్టప్రకారం ఉంటుంది, నీళ్ల ట్యాంకు నింపితే ఆ బరువు సామాను కిందే లెక్క. 60 గ్యాలన్ల నీళ్లంటేనే 500 పౌండ్లు. రెండు 3,500 పౌండ్ల ఇరుసులు పెట్టి, మొత్తం అనుమతి బరువు 7,600 పౌండ్లు అని రాసిన ట్రైలర్లు ఉంటాయి. మిగతా 600 నాలుక ద్వారా ట్రక్కు మోస్తుందని లెక్క. చట్టానికి అది సరిపోతుంది. సామాను కాస్త వెనక్కి సర్దితే మాత్రం ఇరుసులకి మిగులు ఉండదు. ఇక వెనక ఉండే నాలుగంగుళాల చదరపు బంపర్ లోపల మురుగు గొట్టం పెట్టుకునే పల్చటి డబ్బా మాత్రమే. దానికి ఎలక్ట్రిక్ సైకిళ్ల ర్యాక్ బిగించి గతుకుల రోడ్డు మీద వెళ్లినవాళ్లలో కొందరు సైకిళ్లని దారిలోనే పోగొట్టుకున్నారు.

వారంటీ సంగతి వేరే తలనొప్పి. చాలా బ్రాండ్లకి ఏడాదే. కొన్ని బ్రాండ్లు ఫ్రేము, గోడల లాంటి కట్టడపు భాగాలకి రెండు మూడేళ్లు ఇస్తాయి. అందులోనూ ట్రైలర్లోనే కాపురం ఉంటే చెల్లదని చాలా వారంటీల్లో రాసి ఉంటుంది. ఫ్రేములో చీలిక వస్తే డీలర్ బ్రాండ్ వైపు, బ్రాండ్ ఫ్రేము తయారీదారు వైపు, ఆ తయారీదారు "బరువు ఎక్కువేశారు" అని యజమాని వైపు చూపడం మామూలే. కార్లకి ఉన్న లెమన్ చట్టాలు (లోపాలు తీరని బండిని కంపెనీ వెనక్కి తీసుకునేలా చేసేవి) చాలా రాష్ట్రాల్లో లాక్కెళ్లే ట్రైలర్లకి వర్తించవు. 1975 నాటి ఫెడరల్ వారంటీ చట్టం మాత్రం వర్తిస్తుంది. అది పనికి రావాలంటే కాగితాలు ఉండాలి. కొన్న వారంలోనే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ అనే పెద్ద తూకం యంత్రం మీద తూకం వేయించి రసీదు దాచుకోవడం, మూలల ఫోటోలు తేదీతో తీసి పెట్టుకోవడం, సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ ఫిర్యాదు రాతపూర్వకంగా వర్క్ ఆర్డర్లో ఉండేలా చూసుకోవడం అందుకే. తూకం రసీదు చేతిలో ఉంటే "బరువు ఎక్కువేశారు" అనే మాట నిలవదు.

చీలిన ఫ్రేముని బాగుచేయొచ్చా అంటే చేయొచ్చు, సరిగ్గా చేస్తే. చీలిక మీద పైపైన వెల్డ్ గీత లాగించి రంగు వేయడం మరమ్మతు కాదు. కారణం అలాగే ఉంటుంది కాబట్టి ఆ వెల్డ్ పక్కనే మళ్లీ చీలుతుంది. తెలిసిన వెల్డర్ గోడ కింది భాగం విప్పి, చీలిక చివర్లు ఎక్కడున్నాయో కనిపెట్టి, వేడికి నురుగు, ప్లైవుడ్ కాలకుండా కాపాడి, చీలికని గాడిలా చెక్కి నింపి, ఆ పైన అంచులు వాలుగా కోసిన బలపరిచే పట్టీ వేస్తాడు. ఆ పట్టీ అడ్డంగా టక్కున ముగిస్తే అక్కడే కొత్త చీలిక మొదలవుతుంది. అందుకే ఆ వాలు. తర్వాత గోడని తిరిగి బిగించేటప్పుడు సాగిపోయిన పాత రంధ్రాల్లోకే స్క్రూలు కొడితే చేసిన పనంతా వృథా. కొత్త చోట, ఇంకా లావు బిగింపులతో పట్టు దొరకాలి. దానితోపాటు రబ్బరు లేదా గాలి కుషన్ ఉన్న పిన్ పెట్టె వేయించుకుంటే మెట్టు మూలకి చేరే కుదుపు తగ్గుతుంది. షాపువాడు ఇచ్చే అంచనాలో ఇవన్నీ విడివిడిగా రాసి ఉన్నాయా లేక "ఫ్రేమ్ వెల్డ్" అని ఒకే లైను ఉందా అన్నది పని అప్పగించే ముందే చూసుకోవాలి.